గుమాస్తా, పాతది, ఒకటి

గజపతిపేట మునిసిపల్ కమిషనరు చక్రధర్‌గారు ఒక సదస్సుకని విశాఖపట్నం వెళ్లి, సాయంత్రం కాస్త సేదదీరుదామని బీచి దగ్గర ఒక కాఫీ హోటల్లో అడుగుపెట్టారు. లోపల గోడలకి సున్నం రాలిపోయి ఇటికలు బయటపడి ఉన్నాయి. కూర్చోడానికి నులకమంచం వేశారు. పెచ్చులూడిన ఎనామిల్ గ్లాసులో కాఫీ ఇచ్చారు. పాపం కొత్తగా పెట్టుకున్నట్టున్నారు, ఇంకా పని పూర్తికాలేదు కాబోలని ఆయన జాలిపడ్డారు. బిల్లు వచ్చాక ఆ జాలి తన మీదికే తిరిగింది. అడిగితే కౌంటర్లో ఉన్నాయన, దీన్ని వింటేజ్ అంటారండీ, గోడ ఇలా రాల్చడానికి బెంగుళూరు నుంచి పనివాళ్లని పిలిపించాం, కొత్త గోడ కట్టినా ఇంత ఖర్చయ్యేది కాదు అని గర్వంగా చెప్పాడు. చుట్టూ పడుచువాళ్లు ఆ ఇటికలకి ఆనుకుని ఫొటోలు దిగుతున్నారు.

తిరుగు ప్రయాణంలో కమిషనరుగారు కారులో ఆ రాల్చిన గోడ గురించే ఆలోచించారు. రాలిన సున్నం విషయంలో గజపతిపేటకి సాటివచ్చే ఊరు జిల్లాలో లేదు. ఇన్నాళ్లూ దాన్ని ఫిర్యాదుల కింద నమోదు చేస్తూ వచ్చారు. అది ఆస్తి అని ఎవరికీ తట్టలేదు.

నెల తిరక్కుండా కౌన్సిల్ 'ప్రాచీన శోభా పథకా'న్ని ఆమోదించింది. "పట్టణమందలి రథంవీధిని 1955వ సంవత్సరపు స్థితికి అభివృద్ధి పరచుటకు ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది" అని తీర్మానం. యాభై అయిదే ఎందుకని ఒక సభ్యుడు అడిగాడు. ఏదో ఒక సంవత్సరం ఉండాలి గనక అని కమిషనరుగారు సమాధానమిచ్చారు. సభ్యుడు తృప్తిపడి కూర్చున్నాడు.

పథకానికి సలహాదారుగా హైదరాబాదు నుంచి తన్వి అనే డిజైనరు వచ్చింది. ముతక నేతచీర కట్టుకుని, వెండి ముక్కుపుడక పెట్టుకుని, చంకలో లాప్‌టాప్‌తో దిగింది. ఆ అమ్మాయికి పాతవస్తువులంటే నిజంగానే ప్రాణం. ఎవరింట్లోనన్నా చెక్క పోపులపెట్టె కనబడితే చాలు, చేతిలోకి తీసుకుని మూత తీస్తూ మూస్తూ ఉండిపోయేది. "చూడండి సార్, ఎవరో ఒకాయన కూర్చుని చేత్తో చెక్కాడు. ఆయనకి తొందర లేదు. ఆ తొందర లేకపోవడమే ఇందులో అందం" అనేది. మునిసిపాలిటీ ఆఫీసులో తొందర లేకపోవడం అందరికీ తెలిసిన విషయమే గనక ఆ మాట అందరికీ నచ్చింది.

ఆఫీసు చూడ్డానికి వచ్చిన మొదటిరోజే తన్వి రెవెన్యూ సెక్షన్లో నీలాద్రిరావుగారి బల్ల దగ్గర ఆగిపోయింది. ఆయన సీనియర్ అసిస్టెంటు, రిటైర్మెంటు దగ్గర పడుతోంది. తెల్ల ఖద్దరు చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకుంటారు. జేబులో ఇంకు పెన్ను, ముక్కు మీద మందపాటి నల్లఫ్రేము కళ్లద్దాలు, కుర్చీ వీపుకి వంకీ గొడుగు. ఆయన ఇలా ఉండడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. మార్చుకొమ్మని ఆఫీసులో ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, అంతే.

"సార్, మీరు ఎంత వింటేజో మీకు తెలుసా?" అంది తన్వి.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆయన్ని ఎవరూ మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఆ మధ్యాహ్నం ఆయన ఒకే కాగితం మీద రెండుసార్లు ముద్ర కొట్టారు. సాయంత్రానికల్లా ఆయన్ని 'ప్రాచీనతా నిర్ధారణాధికారి'గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఇంటికి వెళ్లి భార్య హైమావతికి చెప్పారు. వింటేజ్ అంటే ఏమిటని ఆవిడ అడిగింది. పాతబడినా విలువ తగ్గనిదని ఆయన వివరించారు. "పోన్లెండి, ఇన్నాళ్లకి ఎవరో ఒకరు చూసేరు" అంది హైమావతి. అందులో వెటకారం లేదు. ఆవిడకి నిజంగానే సంతోషం వేసింది.

వాళ్ల ఇల్లు కూడా రథంవీధిలోనే ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక ప్లీడరుగారి వారసుల దగ్గర హైమావతి పేరున కొన్నారు. వీధి మొత్తానికి అదే అన్నిటికంటే పాత ఇల్లు. వానాకాలమంతా గదికో గిన్నె పెట్టుకుని కాపరం చేశారు. కింద కూర్చుని కట్టెపొయ్యి మీద వండీ వండీ, పెరటి దొడ్డికి వెళ్లి గొంతుక్కూర్చునీ లేచీ హైమావతికి మోకాళ్లు పట్టేశాయి. కిందటేడు ఆవిడ పట్టుబట్టి, తమ్ముడి సాయం తీసుకుని ఇల్లంతా బాగుచేయించింది. పైకప్పు మార్పించింది. గోడలకి లేత ఆకుపచ్చ రంగు వేయించింది. నిలబడి వండుకునే గట్టు, గ్యాసు పొయ్యి, పడకగదిని ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే దొడ్డి వచ్చాయి. ఇరుగుపొరుగుని పిలిచి టిఫిన్లు పెట్టింది. వచ్చినవాళ్లకి హాలు కన్నా ముందు దొడ్డి చూపించింది.

నిర్ధారణకి నియమాలు తన్వి ఇంగ్లీషులో రాసింది. కమిషనరుగారి ఆఫీసు వాటిని తెలుగు చేసింది. కాలం గడిచేకొద్దీ వస్తువు మీద వచ్చే మెరుపు అని ఆ అమ్మాయి రాసినచోట వీళ్లు 'తగుమాత్రము మురికి' అని పెట్టారు. కట్టడానికి ఎన్నేళ్లుండాలన్నది నియమాల్లో ఎక్కడా లేదు. చూపునకు పాతగా ఉండవలెనని మాత్రం ఉంది.

నీలాద్రిరావుగారు నియమాలు చదువుకుని వీధి మొదటినుంచి తనిఖీ మొదలుపెట్టారు. మొదటిది గంగాధర్ సెల్‌ఫోన్ల దుకాణం. కట్టి మూడేళ్లయినా కాలేదు. అతను సినిమా సెట్లు వేసేవాళ్లని తెప్పించి గోడనిండా పగుళ్లు, నీటి చారలు, ఒక మూల రావిమొక్క, దాని పక్కన బల్లి కూడా పెయింటు వేయించాడు. నీలాద్రిరావుగారు పగులు మీద వేలు పెట్టి చూశారు. గోడ నున్నగా ఉంది. నియమంలో చూపునకు అని ఉంది గాని స్పర్శకు అని లేదు. పాతది అని రాసి ముద్ర కొట్టారు.

మధ్యాహ్నానికి ఆకుపచ్చ ఇంటి దగ్గరికి వచ్చారు. అలవాటుగా గుమ్మంలో చెప్పులు విడిచారు. అధికారిగా వచ్చానని గుర్తొచ్చి మళ్లీ తొడుక్కుని తలుపు తట్టారు.

తలుపు తీసిన హైమావతి తాళంచెవి మర్చిపోయారా అని అడిగింది. తనిఖీకి వచ్చానని ఆయన చెప్పారు. కాఫీ ఇస్తానంది. పార్టీల దగ్గర పుచ్చుకోకూడదన్నారు. గది గదీ తిరిగి, కాగితం మీద రాసుకుని, చివరికి గొంతు సవరించుకుని, ఈ కట్టడము చూడగానే కొత్తగా కనిపించుచున్నది గనుక నోటీసు ఇవ్వాల్సి ఉంటుందన్నారు.

"ఈ ఇల్లు ఎప్పటిదో మీకు తెలీదా ఏటి?" అంది హైమావతి.

"తెలుసు. కాని నాకు తెలిసినట్టు అది కనబడటం లేదు."

ఆవిడ నోటీసు పుచ్చుకోనంది. పుచ్చుకోకపోతే తలుపుకి అంటించాలని నిబంధన. ఆయన జిగురు తెచ్చుకోలేదు. గుమ్మంలో ఎండలో కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి హైమావతి లోపలికి వెళ్లి నాలుగు అన్నం మెతుకులు తెచ్చి ఇచ్చింది. ఆయన అంటించి వెళ్లిపోయారు. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, తలుపు మీది నోటీసు చదివి, ఇప్పుడేం చేద్దామని ఆవిడతో కలిసి బెంగపడ్డారు.

ముందు వీధివైపు గోడ చెక్కించేస్తే సరిపోతుందనుకున్నారు. చెక్కించారు. ఈలోగా సందర్శకులు కిటికీల్లోంచి చూసినచో శోభ భంగమగుచున్నది కావున అంతర్భాగములకు కూడా నియమాలు వర్తించునని మరో ఉత్తర్వు వచ్చింది. దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. హైమావతి చెబుతుంటే నీలాద్రిరావుగారే ముత్యాల్లాంటి దస్తూరీతో అప్పీలు రాశారు. యజమానురాలి మోకాళ్ల సంగతి చదివేవాడికి కళ్లు చెమర్చేలా రాశారు. మర్నాడు ఆ అప్పీలు ఆయన బల్లమీదికే వచ్చింది. భాష చాలా బాగుందని మెచ్చుకుని, నియమాల్లో మోకాళ్ల ప్రస్తావన లేనందున తిరస్కరించారు.

గ్యాసు పొయ్యి తీసుకుపోయారు. గట్టు పగలగొట్టారు. పడకగది పక్క దొడ్డికి తాళం వేసి, తాళానికి గుడ్డచుట్టి, లక్క కరిగించి సీలు వేస్తున్నప్పుడు లక్క బొట్టొకటి పడి ఆయన వేలు కాలింది. పంచనామాలో కాలిన వేలికి గడి లేదు గనక రాయలేదు.

హైమావతి గొడవ చెయ్యలేదు. నాలుగు రోజులు పెరట్లోకి గోడ పట్టుకుని నడిచింది. అయిదోరోజు బట్టలు సర్దుకుంది. ఆవిడ తమ్ముడికి బైపాస్ రోడ్డులో ఒక ఫ్లాట్ ఖాళీగా ఉంది. లిఫ్టు ఉంది, రెండు దొడ్లున్నాయి. మీరూ రండి అంది. నేను అధికారిని కదా అని ఆయన నసిగారు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, "సరే. పొయ్యిలో తడికట్టెలు పెట్టకండి, పొగొస్తుంది" అని ఆటో ఎక్కింది.

పథకం దినదినాభివృద్ధి చెందింది. ఆదివారాలు కార్లు కట్టుకుని జనం రాసాగారు. వీధి మొదట్లో టికెట్ల కిటికీ పెట్టారు. ఒక సందర్శకుడు కరెంటు తీగలు ఫొటోలో పడుతున్నాయని ఫిర్యాదు రాశాడు. పాత కాగితాలు తిరగేస్తే రథంవీధికి కరెంటు వచ్చింది యాభై ఏడులో అని తేలింది. తీగలు పీకేశారు. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు గనక గంగాధర్ వాటిని లోపల దాచి, బయట ఈతచాపలు వేలాడదీశాడు. ఫోను కావలసినవాళ్లు పెద్ద చాప కావాలని అడగాలి. వీధి బాగానే ఉంది గాని మనుషులు కొత్తగా కనిపిస్తున్నారని మరొకరు రాశారు. దాంతో మగవాళ్లకి పంచెలు, ఆడవాళ్లకి చేనేత చీరలు నిర్బంధం చేశారు. పంట్లాం వేసుకున్నవాళ్లు వెనకసందులోంచి రాకపోకలు సాగించాలి.

ఈ మార్పులన్నిటిలోనూ ఒక్క మార్పూ అక్కర్లేని మనిషి నీలాద్రిరావుగారు. చీకట్లో లేచి కట్టెపొయ్యి ఊదుకుని, ఉక్కకి తాటాకు విసనకర్ర పుచ్చుకుని అరుగు మీద కూర్చుని ఆఫీసు కాగితాలు రాసుకునేవారు. సందర్శకులు అక్కడే గుమిగూడేవారు. ఒక టీచరమ్మ బడిపిల్లల్ని తీసుకొచ్చి, తాతగారు పొగకి ఎలా దగ్గుతున్నారో చూడండి, ఆ రోజుల్లో అందరూ అలాగే దగ్గేవారు అని చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. కొద్దిరోజుల్లో ఆయనకీ జనానికీ మధ్య తాడు కట్టారు.

ఏడాది చివర పథకం తాలూకు సామాన్లు లెక్కచూశారు. నులకమంచాలు, లాంతర్లు, తిరగలి అన్నీ రాసుకొచ్చిన స్టోరు గుమాస్తా అరుగు దగ్గర ఆగి, ఇంతమంది చూస్తున్నదాన్ని రాయకపోతే ఆడిట్‌లో తప్పుపడతారని ఆలోచించి, 'గుమాస్తా, పాతది, ఒకటి. స్థితి: వాడుకలో ఉన్నది' అని రాశాడు. నీలాద్రిరావుగారు అభ్యంతరం చెప్పలేదు. పేరు లేకపోయినా, వర్ణన సరిగానే ఉందనిపించింది.

రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. కాగితాలు పెట్టుకుంటే కమిషనరుగారు పిలిపించి కూర్చోబెట్టారు.

"మీ విషయం లోతుగా పరిశీలించాం. ఉద్యోగి పాతబడితే తీసేస్తాం, నిజమే. కాని మీరు ఇప్పుడు పథకం ఆస్తి. ఆస్తి పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది. విలువ పెరిగేదాన్ని కాలం చెల్లిందని తీసేస్తే నేను సంజాయిషీ చెప్పుకోవాలి."

"అయితే ఎన్నాళ్లుండాలండీ?"

"మీరు ఎంతకాలం ఉంటే అంత మంచిది. శిథిలమైతే ఇంకా మంచిదంటోంది పథకం కమిటీ."

నీలాద్రిరావుగారు ఆ ఫైలు అడిగి తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. తర్కంలో ఎక్కడా పొరపాటు కనబడలేదు. ఆయనకి భయమంటూ వేసింది అప్పుడే. పోనీ హైమావతిని చూసివస్తానని సెలవు అడిగారు. వస్తువులకు సెలవు వర్తించదని, బైపాస్ రోడ్డు పురపాలక సరిహద్దు అవతల ఉన్నందున తరలించుటకు కమిటీ అనుమతి కావలెనని జవాబు వచ్చింది.

ఆ ఆదివారం హైమావతి టికెట్ కొనుక్కుని వరసలో నిలబడి వచ్చింది. వాళ్లమ్మ పట్టుచీర కట్టుకుంది. మిగిలినవాళ్లంతా ఫొటోలు తీసుకుని వెళ్లేదాకా ఆగి తాడు దగ్గరికి వెళ్లింది. ఆయన చిక్కిపోయారు. కళ్లు పొగకి ఎర్రబడి ఉన్నాయి. ఆవిణ్ణి చూసి లేవబోయి, గోడ పట్టుకుని, కష్టమ్మీద లేచి నిలబడ్డారు.

"ఎలా ఉన్నారు?"

"స్థితి వాడుకలో ఉందని రాసేరు."

"ఆళ్లు రాసింది కాదండి. మీరెలా ఉన్నారు?"

ఆయన అటూ ఇటూ చూశారు. తాడుకి దగ్గరగా వంగారు. "మోకాళ్లు పట్టేసేయి హైమా. పొద్దున్నే పెరట్లో లేవలేకపోతున్నాను. నువ్వు అన్నేళ్లు ఎలా లేచేవు?"

హైమావతి తాడు మీద ఉన్న ఆయన చేతి మీద చెయ్యి వేసింది. వస్తువుల్ని తాకరాదని అక్కడ బోర్డు ఉంది.

సందర్శకులకి వీధి చూపిస్తున్న తన్వి ఇదంతా విన్నది. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. హైమావతిని పక్కకి తీసుకెళ్లి, తను ఇది కోరలేదని, ఒక పాత తలుపో కిటికీయో పారేయకుండా దాచుకుందాం అన్నంతవరకే తను చెప్పిందని అంది. మాట తడబడి, ఎటు చూడాలో తెలీక హైమావతి చీర కొంగు పట్టుకుని అంచు చూసింది. ఎంత బాగుందోనని నిజంగానే అంది.

"నాకూ ఇష్టమేనమ్మా. మా అమ్మ వాసన ఉందిందులో. కట్టుకోవాలనిపిస్తే కట్టుకుంటాను, లేకపోతే మడిచి పెట్టెలో పెట్టుకుంటాను. మీవాళ్లు మా ఆయన్నే పెట్టెలో పెట్టి తాళం వేసేరు."

తన్వి కొంగు వదిలేసింది. తర్వాత, మ్యూజియాలు ఒక్కోసారి తమ వస్తువుల్ని వేరే సంస్థలకి ప్రదర్శన కోసం కొన్నాళ్లు ఇస్తుంటాయని, దానికి నియమాలు తనే రాసిచ్చిందని, ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పింది.

అపార్ట్‌మెంటు వాళ్లని ఒప్పించడానికి హైమావతికి ఒక సాయంత్రం పట్టింది. 'బైపాస్ రోడ్డు నివాసుల సంఘం' పేరుతో కమిషనరుగారికి అర్జీ వెళ్లింది. కొత్త తరమునకు పాత గుమాస్తా దర్శనము కల్పించదలచితిమి కావున సదరు వస్తువును ఆరు మాసములకు ఇప్పించవలెనని ప్రార్థన. కమిషనరుగారు ఉబ్బిపోయారు. గజపతిపేట చరిత్రలో ఎవరూ మునిసిపాలిటీని ఏదీ కావాలని అడగలేదు, వద్దని తప్ప. కమిటీ షరతులు పెట్టింది. వస్తువును ఎండలో ఉంచరాదు. చెమ్మ తగలనీయరాదు. ఉన్నది ఉన్నట్లుగా తిరిగి అప్పగించవలెను.

ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, దానిమీద నీలాద్రిరావుగారిని కూర్చోబెట్టి, చొక్కాకి 'పగులు స్వభావము గలది' అన్న చీటీ కట్టి పంపారు. అపార్ట్‌మెంటు ముందు దింపి, సరుకు సరిచూసుకుని సంతకం పెట్టమని అటెండరు కాగితం ఇచ్చాడు. హైమావతి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అందిన స్థితి అన్నచోట, మోకాళ్లు దెబ్బతిన్నవి, ఊపిరి బరువుగా ఉన్నది, మనిషి అందినాడు అని రాసి సంతకం పెట్టింది. లిఫ్టులో పైకి తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఆయన తల పైకెత్తి ఫ్యాను తిరగడం చూస్తూ అలాగే నిద్రపోయారు.

ఆరు నెలలూ అయ్యాయి. వస్తువును వెంటనే తిరిగి పంపవలసిందని మునిసిపాలిటీ నుంచి తాఖీదు వచ్చింది. అది చదవగానే నీలాద్రిరావుగారు అలవాటు కొద్దీ లేచి గొడుగు అందుకున్నారు. హైమావతి ఆయన్ని చూడనైనా చూడకుండా బల్ల దగ్గర కూర్చుని, 'పంపను. ఆయన ఇప్పుడిప్పుడే బాగుపడుతున్నారు' అని జవాబు రాసి, కవరు కోసం లోపలికి వెళ్లింది.

ఆయన గొడుగు చేత్తో పట్టుకునే ఆ కాగితం చదివారు. మళ్లీ చదివారు. గొడుగు గోడకి ఆనించి కూర్చుని, పెన్ను తీసి, 'పంపను' అన్నది కొట్టేశారు. దానికింద తన దస్తూరీతో ఇలా రాశారు: "సదరు వస్తువు ప్రస్తుతము పరిరక్షణ ప్రక్రియలో ఉన్నందున, మధ్యలో కదిలించినచో విలువకు శాశ్వత నష్టము వాటిల్లగలదు. ప్రక్రియ పూర్తి అగు తేదీని ఇప్పట్లో చెప్పజాలము."

కవరు తెచ్చిన హైమావతి ఆయన భుజం మీంచి చదివింది. "ఇలా రాస్తే ఒప్పుకుంటారా?"

"నేనైతే ఒప్పుకునేవాణ్ణి" అన్నారు నీలాద్రిరావుగారు.

కమిషనరుగారు ఒప్పుకున్నారు. పరిరక్షణ అన్న మాట కింద గీత గీసి, ఇది ఎంతో బాధ్యత గల సంస్థ అని పక్కన రాసి ఫైలు మూసేశారు.

ఆ మర్నాడు నీలాద్రిరావుగారు ఎవరికీ చెప్పకుండా లిఫ్టులో కిందికి దిగి, బైపాస్ రోడ్డు మీద బట్టల దుకాణంలో కొబ్బరిచెట్లూ చిలకలూ అచ్చువేసిన నీలంరంగు పొట్టిచేతుల చొక్కా కొనుక్కుని, అది తొడుక్కునే పైకి వచ్చారు. తలుపు తీసిన హైమావతి ఎవరు కావాలని అడిగింది. తర్వాత నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. ఆ చొక్కా ఆయనకి ఏమాత్రం నప్పలేదు. అయినా ఉతికిన రోజు తప్ప రోజూ అదే వేసుకుంటున్నారు.